అహ్మద్‌నగర్ ఉక్కు: ట్యాంకుల మ్యూజియం చెప్పే దక్కన్ చరిత్ర

దక్కన్ పీఠభూమి పడమటి భాగంలో, సీనా నది ఒడ్డున ఉన్న అహ్మద్‌నగర్ ఒకప్పటి నిజాంషాహీ సుల్తానుల రాజధాని. బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు స్వతంత్రం ప్రకటించుకున్న మలిక్ అహ్మద్, పదిహేనో శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఈ పట్టణాన్ని నిర్మించి తన పేరే పెట్టాడు. ఆ పేరు అయిదు శతాబ్దాలకు పైగా నిలిచి, 2024లో అహిల్యానగర్‌గా మారింది. పట్టణం వెలుపల ఫరహ్ బాగ్ అనే ఎనిమిది పలకల రాజభవనం ఉన్నది. ముర్తజా నిజాం షా పాలనలో, 1583లో ఇది పూర్తయింది. విశాలమైన జలాశయం మధ్యలో, చుట్టూ తోటలతో కట్టిన విలాస మందిరం ఇది. ఆ నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. తోటలు పోయాయి. భవనం మాత్రం పెచ్చులూడిన గోడలతో నిలిచి ఉన్నది.

ఈ శిథిల భవనానికి సమీపంలోనే భారత సైన్యానికి చెందిన ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్, 1994 ఫిబ్రవరిలో కావల్రీ ట్యాంక్ మ్యూజియాన్ని నెలకొల్పింది. సుమారు 50 యుద్ధ వాహనాలు ఇక్కడ ఆరుబయట వరుసలుగా నిలిచి ఉన్నాయి. రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ సాయుధ కారు వీటిలో పాతతరానిది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకులు, అమెరికన్ షెర్మన్, జపానుకు చెందిన హా-గో, చి-హా, జర్మనీకి చెందిన 88 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్నాయి. 1965, 1971 యుద్ధాల్లో పేరు మోసిన సెంచూరియన్, ఏఎంఎక్స్-13, పీటీ-76, ప్యాటన్ ట్యాంకులు, ఆవడిలో తయారైన విజయంత కూడా ఉన్నాయి. చూడవచ్చినవారు ఫలకాల మీద బరువు, వేగం, గొట్టం వ్యాసం చదువుకుని ముందుకు సాగుతారు. అయితే ఈ యంత్రాలు నిలిచిన నేలకు వాటికన్నా పాత చరిత్ర ఉన్నది. ఆ చరిత్రతో కలిపి చదివినప్పుడే ఈ ఉక్కు ఏమి చెబుతున్నదో తెలుస్తుంది.

పేరు వెనుక చరిత్ర

మొదట 'ట్యాంకు' అన్న మాటనే చూద్దాం. తెలుగువారికి ఈ మాట వినగానే చాలాకాలం చెరువే గుర్తుకు వచ్చేది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన హుస్సేన్ సాగర్ గట్టును నేటికీ ట్యాంక్‌బండ్ అనే పిలుస్తున్నాము. నీటి నిలువకు వాడే ఈ ఇంగ్లీషు పదాన్ని నిఘంటుకారులు గుజరాతీ, మరాఠీ భాషల్లోని 'టాంకా', 'టాంకే' వంటి మాటలతోను, పోర్చుగీసు మాటతోను ముడిపెడతారు. అంటే చెరువుగా, తొట్టిగా ఈ మాట మన తీరం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళిందన్నమాట.

యుద్ధ యంత్రానికి ఆ పేరు రావడం ఒక రహస్యం వల్ల జరిగింది. 1914లో మొదలైన మహాయుద్ధం కొద్ది నెలలకే కందకాల యుద్ధంగా మారింది. ముళ్ళతీగ, మర తుపాకి కలిసి ముందుకు సాగే సైనికుణ్ణి నిలువునా ఆపివేశాయి. ముళ్ళతీగను తొక్కుకుంటూ, కందకాన్ని దాటుకుంటూ వెళ్ళే ఉక్కు బండి కావాలని బ్రిటిష్ అధికారులు కొందరు తలపెట్టారు. లింకన్ పట్టణంలోని కర్మాగారంలో 1915లో దాని నమూనా తయారైంది. శత్రువుకు సంగతి పొక్కకుండా, అవి మెసపొటేమియా ఎడారికి పంపే నీటి తొట్లని పనివారికి చెప్పారు. 1915 డిసెంబరులో 'ట్యాంకు' అన్న మారుపేరు ఖాయమైంది. యుద్ధం ముగిసినా ఆ పేరు పోలేదు. మన దేశపు చెరువు మాట సముద్రాలు దాటి ఉక్కు తొడుక్కుని తిరిగి వచ్చి, నీరెండిన ఒక జలాశయం పక్కనే నిలిచింది.

అరబీ భాషలో ట్యాంకును 'దబ్బాబా' అంటారు. ఇది కొత్తగా కల్పించిన మాట కాదు. నేలమీద పాకడాన్ని, మెల్లగా కదలడాన్ని తెలిపే 'దబ్బ' ధాతువు నుంచి పుట్టిన పాత మాట. తోళ్ళు కప్పిన చెక్క చట్రం కింద సైనికులు దాగి, కోటగోడ దాకా పాకుతూ పోయి పునాదిని తవ్వడానికి వాడే ముట్టడి సాధనాన్ని మధ్యయుగపు చరిత్రకారులు ఈ పేరుతోనే పేర్కొన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో కొత్త యంత్రానికి పేరు కావలసి వచ్చినప్పుడు అరబ్బులు పాత మాటనే దుమ్ము దులిపి వాడుకున్నారు. మనిషిని కప్పి శత్రువు గోడ దాకా చేర్చే ఆలోచన ఎంత పాతదో ఈ ఒక్క మాట చెబుతుంది.

దబ్బాబా ప్రస్తావన దైవప్రవక్త (స) జీవిత చరిత్రలోనూ ఉన్నది. హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, తాయిఫ్ నగర ముట్టడి జరిగింది. ప్రవక్త సహచరులు కొందరు దబ్బాబా కింద దాగి గోడను సమీపించారనీ, సఖీఫ్ తెగవారు పైనుంచి ఎర్రగా కాల్చిన ఇనుప ముక్కలు విసరగా వారు బయటికి రాక తప్పలేదనీ, అప్పుడు బాణాలకు గురయ్యారనీ ఇబ్ను హిషామ్ గ్రంథం తెలుపుతుంది. సఖీఫ్ పెద్దలు ఇద్దరు అంతకు ముందే జురష్‌కు వెళ్ళి ఇటువంటి సాధనాల తయారీ నేర్చుకుంటున్నారని కూడా అందులోనే ఉన్నది. ఒకే విద్యను ఇరుపక్షాలూ ఎరిగి ఉండడం యుద్ధ చరిత్రలో మొదటి నుంచీ ఉన్న సంగతే. ముట్టడి ఫలించలేదు, సైన్యం వెనుదిరిగింది. మరుసటి సంవత్సరం సఖీఫ్ ప్రతినిధులు తామే మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించారు. దబ్బాబా తెరవలేని ద్వారం మరో విధంగా తెరుచుకున్నది.

నిజాంషాహీ ఫిరంగులు

ఇక అహ్మద్‌నగర్ సంగతికి వద్దాం. పదహారో శతాబ్దంలో దక్కన్‌లో ఆయుధ విద్యకు ఇది ముఖ్య కేంద్రం. ఉస్మానియా తుర్కుల వద్ద ఫిరంగి విద్య నేర్చిన నిపుణులు సముద్ర మార్గాన దక్కన్ దర్బారులకు చేరేవారు. తుర్కుల దేశాన్ని అప్పట్లో 'రూమ్' అనేవారు గనుక వీరికి 'రూమీ' అన్న బిరుదు వచ్చింది. 1565 జనవరిలో విజయనగరంపై దక్కన్ సుల్తానులు కలిసి చేసిన తళ్ళికోట యుద్ధంలో హుసేన్ నిజాం షా మధ్య భాగాన నిలిచాడు. అతని ఫిరంగి దళానికి నాయకుడు చలబీ రూమీ ఖాన్. ఆ రోజు పెద్ద ఫిరంగులను ముందు వరుసలోను, చిన్నవాటిని వాటి వెనుక, తేలికపాటి జంబూరకులను మూడో వరుసలోను నిలిపారనీ, శత్రువు మరీ దగ్గరికి వచ్చినప్పుడు గొట్టాల్లో రాగి నాణేల సంచులు కూరి పేల్చారనీ ఫెరిష్తా రాశాడు. ఈ చరిత్రకారుడు యౌవనంలో అహ్మద్‌నగర్ కొలువులోనే ఉండి, తరువాత బీజాపూరు చేరినవాడు.

ఆ కూటమిలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా ఉన్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ఆదరంగా పిలుచుకున్న సుల్తాను ఇతడే. సింహాసనం ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తన్ను ఆదరించిన ఇంటి మీదికే ఆ దినాన సైన్యంతో నడిచాడు. దీన్ని కేవలం రెండు మతాల పోరుగా చెప్పేవారు ఈ సంగతిని మరిచిపోతారు. అంతకు ముందు కొద్ది సంవత్సరాల వరకు రామరాయలు ఒక సుల్తాను పక్షాన నిలిచి మరొక సుల్తానుతో పోరాడినవాడే. తళ్ళికోటలో ఒకే జెండా కింద పేలిన ఫిరంగులు, ఆ తరువాత కొద్ది కాలానికే ఒకదానివైపు ఒకటి తిరిగాయి.

అహ్మద్‌నగర్‌లో పోతపోసిన ఫిరంగుల్లో ప్రఖ్యాతమైనది మలికె మైదాన్. 'మైదానాధిపతి' అని దాని అర్థం. రూమీ బిరుదు గల ముహమ్మద్ అనే నిపుణుడు 1549లో (హిజ్రీ 956) దీన్ని తయారు చేశాడు. పొడవు సుమారు 14 అడుగులు, బరువు సుమారు 55 టన్నులు. ఏనుగును నమిలే సింహం నోరులా దీని మొనను మలిచారు. నిజాంషాహీల కోసం పుట్టిన ఈ ఫిరంగి పరండా కోటలో ఉండి, 1632లో బీజాపూరు ఆదిల్‌షాహీల చేతికి చిక్కి, వారి రాజధాని బురుజు మీదికి చేరింది. 1686లో బీజాపూరును జయించిన ఔరంగజేబు, ఈ మైదానాధిపతి తనకు లోబడిందన్న భావంతో దానిమీద మరో శాసనం చెక్కించాడు. చివరికి 1854లో బ్రిటిష్‌వారి హయాంలో దీన్ని పాత లోహంగా వేలం వేయగా 150 రూపాయల పాట వచ్చింది. ఆ అమ్మకం రద్దయినందువల్లనే అది ఈనాటికీ బీజాపూరులో మిగిలి ఉన్నది. నూట ముప్పై ఏడేళ్ళలో ముగ్గురు యజమానులు! అందరికీ అది ఒకే విధంగా పని చేసింది. ఎవరి రాజ్యాన్నీ నిలబెట్టలేదు.

ఫిరంగి పుట్టిన అహ్మద్‌నగర్ గతి కూడా అంతే. 1595 డిసెంబరులో అక్బరు కుమారుడు మురాద్ కోటను ముట్టడించినప్పుడు చాంద్ బీబీ దాన్ని కాపాడింది. మొగలుల మందుపాతర పేలి గోడ బీటలువారితే, ఆమె స్వయంగా నిలబడి రాత్రికి రాత్రే దాన్ని పూడ్పించింది. నాలుగేళ్ళ తరువాత ఆమెను చంపింది మొగల్ ఫిరంగి కాదు. ఆమె శత్రువుతో రాజీ పడుతున్నదన్న పుకారు నమ్మిన సొంత సైనికులే 1600లో ఆమె ప్రాణం తీశారు. ఆ తరువాత కోట ఎంతో కాలం నిలవలేదు. గోడ ఒకే రాత్రిలో పూడింది గాని, మనుషుల మధ్య పడిన బీట పూడలేదు.

గుర్రం దిగిన దక్కన్ రౌతులు

మ్యూజియం పేరులో 'కావల్రీ', అంటే అశ్విక దళం, అన్న మాట ఉండడానికి కారణం ఉన్నది. నేటి ట్యాంకు రెజిమెంట్లలో పాతవన్నీ ఒకప్పటి గుర్రపు దళాలే. వాటిలో డెక్కన్ హార్స్ చరిత్ర హైదరాబాదుకు సంబంధించినది. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ అశ్విక దళాలు దీనికి మూలం. ఈ కంటింజెంట్ జీతాల బాకీ పేరుతోనే 1853లో బేరార్ నిజాం చేయి దాటిపోయింది. 1903లో కంటింజెంట్‌ను భారత సైన్యంలో కలిపివేసి, అందులోని రెండు దళాలకు 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్ అని పేర్లు పెట్టారు. 1921లో ఆ రెండూ కలిసి 9వ డెక్కన్ హార్స్ అయ్యాయి.

1916లో ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో ఈ రౌతుల కథ ట్యాంకు కథను తాకుతుంది. ఆ ఏడాది జులై 14 సాయంకాలం 20వ డెక్కన్ హార్స్, సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌లో భాగంగా, బ్రిటిష్ డ్రాగన్ గార్డులతో కలిసి 'హై వుడ్' అనే అడవి పక్కన బల్లేలతో దాడి చేసింది. ఏపుగా పెరిగిన పైరులో నుంచి గుర్రాలు మర తుపాకుల మీదికి దూకాయి. కొందరు జర్మన్లు బల్లెపుపోట్లకు పడిపోయారు, కొందరు లొంగిపోయారు. అయినా అడవి చేతికి రాలేదు. సుమారు వంద మంది సైనికులు, అంతకు మించి గుర్రాలు దెబ్బతిన్నాయి. తెల్లవారేసరికి దళాన్ని వెనక్కు పిలిపించారు.

సరిగ్గా రెండు నెలలకు, సెప్టెంబరు 15న, ప్రపంచంలో మొట్టమొదటి ట్యాంకుల దాడి అదే రణరంగంలో జరిగింది. నాలుగు ట్యాంకులను అదే హై వుడ్‌లోకి పంపారు. ఎనిమిది మంది సిబ్బంది, 28 టన్నుల బరువు, మనిషి నడకను మించని వేగం గల ఆ యంత్రాలు విరిగిన మానుల మధ్య ఇరుక్కుపోయాయి. అడవి ఆ రోజు చేతికి వచ్చింది గాని, దాని మూల్యం కాలినడక సైనికులే చెల్లించారు. దక్కన్ గుర్రానికి సాధ్యం కానిది మొదటి ట్యాంకుకూ ఆ అడవిలో సాధ్యం కాలేదు. కాని గుర్రం కాలం ముగిసిందనీ, యంత్రం కాలం మొదలైందనీ ఆ రెండు నెలలు తేల్చివేశాయి.

భారత అశ్విక దళాలు గుర్రాలను వదిలిపెట్టడం 1938లో మొదలైంది. సింధ్ హార్స్, 13వ లాన్సర్స్ అందులో ముందున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి డెక్కన్ హార్స్ షెర్మన్ ట్యాంకులతో బర్మాలో ఉన్నది. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మెయిక్తిలా పట్టణాన్ని జపాను సేనల నుంచి పట్టుకున్న 255వ ట్యాంకు బ్రిగేడ్‌లో అది ఒక రెజిమెంటు. దాని పక్కనే ప్రోబిన్స్ హార్స్ అనే మరో భారతీయ రెజిమెంటు పోరాడింది. రెంటిలోనూ ముస్లింలు, సిక్కులు, హిందువులు కలిసే ఉన్నారు. ఒకరి ట్యాంకుకు దెబ్బ తగిలితే మరొకరు అడ్డుగా నిలిచిన రోజులవి. ఈ రెండు పేర్లు ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ ఎదురుపడ్డాయి.

కోటలో ఖైదీలు, నల్‌దుర్గ్ బాట

బర్మాలో ఆ యుద్ధం సాగుతున్న కాలంలో అహ్మద్‌నగర్ కోట జైలుగా ఉండేది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తరువాత కాంగ్రెసు కార్యవర్గాన్ని అక్కడ బంధించారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్, జవహర్‌లాల్ నెహ్రూ, ఆంధ్రుడైన పట్టాభి సీతారామయ్య అక్కడే ఉన్నారు. మౌలానా తన 'గుబారె ఖాతిర్' లేఖలను చాంద్ బీబీ కాపాడిన ఆ గోడల మధ్యనే రాశారు. ఆయన సతీమణి 1943లో కలకత్తాలో మరణించిన వార్త కూడా అక్కడే అందింది. దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన తరం నాయకులు ఈ ఊరి కోటలో ఖైదీలుగా ఉంటే, అదే ఊళ్ళో ట్యాంకులు నడిపే శిక్షణ కూడా సాగింది. స్వాతంత్ర్యం తరువాత, 1948లో, ఆర్మర్డ్ కోర్ శిక్షణ సంస్థలన్నీ అక్కడికే చేరి ఒక్కటయ్యాయి.

1947లో సైన్యం కూడా పంపకమైంది. అవిభక్త భారతదేశపు 18 అశ్విక రెజిమెంట్లలో 12 భారత్‌కు, 6 పాకిస్తాన్‌కు వచ్చాయి. ఏళ్ళ తరబడి ఒకే లంగరులో తిన్న దళాలు మతాన్ని బట్టి విడిపోయాయి. డెక్కన్ హార్స్ ఇక్కడ మిగిలింది. ప్రోబిన్స్ హార్స్, 13వ లాన్సర్స్ అక్కడికి వెళ్ళాయి.

మరుసటి ఏడు సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వాన భారత సైన్యం షోలాపూరు నుంచి హైదరాబాద్ రాజ్యంలో ప్రవేశించింది. ట్యాంకులు నల్‌దుర్గ్ వంతెన దాటి తూర్పుకు సాగాయి. నల్‌దుర్గ్ బహమనీల, ఆదిల్‌షాహీల నాటి కోట. దక్కన్ ఫిరంగుల చరిత్ర తెలిసినవారికి ఆ దారి కొత్తది కాదు. ఉక్కు ముందు నిజాం సైన్యం నిలబడలేదు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు హైదరాబాద్ సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. అయిదు రోజుల్లో ముగిసిన ఆ సైనిక చర్యను యుద్ధ విద్యార్థులు చక్కని పథకంగా చదువుకుంటారు.

అయితే దాని ముందూ వెనుకా జరిగిన వాటిని కలిపి చదవాలి. ముందు రజాకార్ల దౌర్జన్యాలకు గ్రామాలు తగలబడ్డాయి, హిందువులు, కమ్యూనిస్టులు, వారిని ఎదిరించిన ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. తరువాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఏ పాపం ఎరుగని సామాన్య ముస్లింలు పెద్ద సంఖ్యలో హతులయ్యారు. పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ ప్రభుత్వం తరఫున పర్యటించి, మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల వరకు ఉండవచ్చునని నివేదించారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. ఈ హత్యల్లో అత్యధికం ట్యాంకులు సాగిన రోడ్డుకు దూరాన, పల్లెల్లో జరిగాయి. ట్యాంకు ద్వారం తెరవగలదు. ఆ ద్వారం గుండా న్యాయం ప్రవేశిస్తుందో పగ ప్రవేశిస్తుందో ట్యాంకుకు తెలియదు. అది మనుషులు, వారి పాలకులు తేల్చవలసిన విషయం.

అసల్ ఉత్తర్, ఆ తరువాత

1965 సెప్టెంబరులో పాకిస్తాన్ మొదటి ఆర్మర్డ్ డివిజన్ పంజాబులోని ఖేంకరణ్ వద్ద సరిహద్దు దాటింది. దాని చేతిలో అమెరికా ఇచ్చిన ప్యాటన్ ట్యాంకులు ఉన్నాయి. అవి ఆనాటికి ఆధునికమైనవి. వాటి ఎదుట అసల్ ఉత్తర్ గ్రామం చుట్టూ నిలిచిన రెజిమెంట్లలో 9వ డెక్కన్ హార్స్ ఒకటి. దాని దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లే. ప్యాటన్లతో వచ్చిన రెజిమెంట్లలో ప్రోబిన్స్ హార్స్ ఒకటి. మెయిక్తిలాలో పక్కపక్కన పోరాడినవారు ఇప్పుడు చెరకు తోటల్లో ఎదురెదురుగా నిలిచారు. భారత సైన్యాధిపతి హైదరాబాదుకు ట్యాంకులు నడిపించిన చౌధురియే.

భారత సేన కాలువ గట్లు తెంచి పొలాలను నీటితో నింపింది. బరువైన ప్యాటన్లు బురదలో కూరుకుపోయాయి. నీటి తొట్టి పేరు పెట్టుకున్న యంత్రాన్ని నీళ్ళే నిలబెట్టేశాయి. నాలుగో గ్రెనేడియర్స్‌కు చెందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన తుపాకితో, ఏ ఉక్కు కవచమూ లేకుండా, ఒకదాని తరువాత ఒకటిగా ప్యాటన్లను కొట్టి, సెప్టెంబరు 10న ప్రాణం విడిచాడు. ఆయనకు మరణానంతరం పరమ వీర చక్రం వచ్చింది. గాజీపూర్ జిల్లా ధాముపూర్‌కు చెందిన ఈ సామాన్య ముస్లిం సైనికుడు, దేశ విభజన తరువాత భారతీయ ముస్లింల విధేయత మీద లేవనెత్తిన ప్రశ్నలన్నింటికీ మాటలతో పని లేకుండా సమాధానం చెప్పాడు. అక్కడ పాకిస్తాన్ దాదాపు వంద ట్యాంకులు పోగొట్టుకున్నది. అటువంటి ప్యాటన్లు ఈనాడు దేశంలోని ఎన్నో కూడళ్ళలో, మ్యూజియాల్లో కనిపిస్తాయి. అమెరికాలో పుట్టి, పాకిస్తాన్ కోసం నడిచి, భారత్‌లో నిలిచిపోయిన ఈ ట్యాంకు, మలికె మైదాన్ మాదిరిగానే, పుట్టించినవారిని గాని వాడినవారిని గాని గుర్తు పెట్టుకోలేదు.

1971 డిసెంబరు 16న షకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నది దాటి, 17వ పూనా హార్స్‌కు చెందిన 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ తన సెంచూరియన్ ట్యాంకులో మరణించాడు. ఆయనకూ పరమ వీర చక్రం దక్కింది. 'ఫమగుస్తా' అన్న పేరు గల ఆ ట్యాంకును బాగుచేసి అహ్మద్‌నగర్ ఆర్మర్డ్ కోర్ కేంద్రంలో భద్రపరిచారు. ఫమగుస్తా సైప్రస్ ద్వీపంలోని రేవు పట్టణం. తళ్ళికోట యుద్ధం జరిగిన ఆరేళ్ళకు, 1571లో, ఉస్మానియా తుర్కులు ఫిరంగులతో దీర్ఘకాలం ముట్టడించి దాన్ని పట్టుకున్నారు. ఆ రోజు అరుణ్ ఎదుర్కొన్న దళం పాకిస్తాన్ 13వ లాన్సర్స్. అది 1938లో భారత అశ్విక దళాల్లో మొదటి వరుసలో గుర్రం దిగిన దళమే.

ముప్పై ఏళ్ళ తరువాత, 2001లో, అరుణ్ తండ్రి బ్రిగేడియర్ ఎం.ఎల్. ఖేతర్‌పాల్ తాను పుట్టిన సర్గోధాను చూడడానికి పాకిస్తాన్ వెళ్ళారు. అక్కడ ఆయనకు ఆతిథ్యమిచ్చిన బ్రిగేడియర్ ఖ్వాజా ముహమ్మద్ నాసిర్, ఆ యుద్ధంలో 13వ లాన్సర్స్‌లో ఉన్నవారు. ఆనాడు ఆయన కుమారుణ్ణి చంపినది తానేనని అతిథికి చెప్పారు. అరుణ్ సాహసాన్ని కొనియాడారు. ఇద్దరు ముసలి సైనికులు ఆ తరువాత కూడా ఒకరి పట్ల ఒకరు మర్యాద తప్పలేదు. సైనిక చరిత్రల్లో ఇటువంటి ఘట్టానికి రెండు వాక్యాలైనా చోటు దొరకదు. అయినా ఫమగుస్తా ట్యాంకు ఉక్కు మీద పడిన మచ్చ ఏమిటో వివరించేది ఇదే.

చూపు, దాటు

చరిత్ర నుంచి నేర్చుకునే పాఠాన్ని అరబీలో 'ఇబ్రత్' అంటారు. దాటడం అనే అర్థం గల ధాతువు నుంచి ఈ మాట వచ్చింది. కంటికి కనిపించే దాని నుంచి అది సూచించే దాని వైపు దాటిపోవడమే ఇబ్రత్. ఇబ్ను ఖల్దూన్ తన మహా చరిత్రకు 'కితాబుల్ ఇబర్' అని పేరు పెట్టడంలో ఆంతర్యం ఇదే. రాజ్యాలు నిలిచేది ఆయుధ బలం వల్ల కాదనీ, మనుషులను కలిపి ఉంచే ఐకమత్యం వల్లననీ, అది సడలిన నాడు ఎంతటి రాజ్యమైనా కూలుతుందనీ ఆయన సిద్ధాంతం. ఖుర్ఆన్ 59వ సూరా రెండో వాక్యం కూడా తమ కోటలే తమను కాపాడతాయని నమ్ముకున్నవారి పతనాన్ని చూపి, కళ్ళున్నవారు గుణపాఠం నేర్చుకోవాలని హెచ్చరిస్తుంది.

ఆయుధాల మ్యూజియాలు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. ఇంగ్లండులోని బోవింగ్టన్‌లో మొదటి యుద్ధపు ట్యాంకులను పాత ఇనుముగా తెగగొడుతున్న కాలంలో, 1923లో, రచయిత కిప్లింగ్ చూడవచ్చి వాటిని భద్రపరచమని సలహా ఇచ్చాడు. అక్కడి మ్యూజియం అలా పుట్టింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 2018లో మరొకటి వెలిసింది. వీటన్నింటిలోనూ ఉక్కును తుడిచి, రంగు వేసి, చక్కగా నిలబెడతారు. మంచి పనే. 150 రూపాయలకు పోవలసిన మలికె మైదాన్ మిగిలినందుకు చరిత్ర విద్యార్థులు ఎలా సంతోషిస్తారో ఇవి మిగిలినందుకూ అలాగే సంతోషించాలి.

కాని చూసేవాడు ఫలకం దగ్గరే ఆగిపోతే, మ్యూజియం విజయగర్వానికి మాత్రమే పనికి వస్తుంది. ఈ దేశంలో ఉక్కు తయారీ ఆగలేదు, ఆగనవసరమూ లేదు. తెలుగు నేల మీద ఎద్దుమైలారంలో 1984లో స్థాపించిన కర్మాగారం సైన్యానికి సాయుధ వాహనాలను అందిస్తూ వచ్చింది. ఏ దేశమైనా తన్ను తాను కాపాడుకోవలసిందే. అయితే చాంద్ బీబీ కోటను ఫిరంగి కూల్చలేదు, సొంతవారి అనుమానం కూల్చింది. ఖేంకరణ్ పొలాల్లో జీపు మీద కూర్చున్న హవల్దార్‌ను ఉక్కు కాపాడలేదు, దేశాన్ని మాత్రం ఆయన విశ్వాసం కాపాడింది. ఒక దేశం తన ప్రజల్లో ఏ ఒక్క వర్గాన్ని అనుమానంతో చూసినా, ఆ బీటను పూడ్చే కవచాన్ని ఏ కర్మాగారమూ తయారు చేయలేదు. నిజాంషాహీల నేల మీద వరుసగా నిలిచిన ఆ యాభై యంత్రాలు కళ్ళున్నవారికి చెప్పేది ఇదే.